బ్యాండు చెప్పేదేంటి, కాలు చెప్పేదేంటి



ఈ ఊడ్పుల్లో నా చేతికున్న బ్యాండు చూసి అడగని వాళ్లు లేరు. "ఎన్ని అడుగులు వేశావు?" అని కొందరు, "గుండె ఎంత కొట్టుకుంటోంది?" అని కొందరు, "అయితే కాలు బాగైపోయినట్టేనా, అదేమంటోంది?" అని ఇంకొందరు. మన పేజీ చూసేవాళ్లలోనే కాలో, నడుమో, మోకాలో దెబ్బతిని మంచాన పడి లేచినవాళ్లు ఐదారుగురు నాకు మెసేజీలు పెట్టారు. అందరి పిల్లలూ ఒకటే పని చేశారు. హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో ఇలాంటి బ్యాండు ఒకటి కొని పంపించారు. అందులో కనిపించే అంకెల్ని పట్టుకుని ఏం చేసుకోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. అందుకే ఈ పోస్టు. కాస్త పొడుగే, తీరిక చూసుకుని చదవండి.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో. ఫిబ్రవరిలో దాళ్వా చేలో నీళ్లు చూడ్డానికి వెళ్తే, ఎలకలు తొలిచేసిన చోట గట్టు కాలి కింద కుంగిపోయింది. కుడికాలు చీలమండ విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటూ స్క్రూలూ వేశారు. ఆరు వారాలు కాలు నేలకి ఆనించొద్దన్నారు. ఆ తర్వాత వాకరు, ఆ తర్వాత చేతికర్ర, మే నెలాఖరుకి కర్ర కూడా వదిలేశాను. ఇప్పటికి ఐదు నెలలు దాటింది.

సొంతం రెండెకరాలు, కౌలు మూడెకరాలు. దాళ్వా కోతలూ నూర్పులూ మా తమ్ముడే చూసుకున్నాడు. సార్వా కూడా వాడి నెత్తినే పెడితే వాడి చేను ఎవరు చూస్తారు? మనకి కాలు విరిగిందని కౌలు బస్తాలు తగ్గవు కదండీ. కాబట్టి జూన్ నుంచి నాకు కావాల్సిన జవాబు ఒక్కటే. ఇవాళ చేలో దిగొచ్చా, దిగితే ఎంతసేపు? బ్యాండు ఈ ప్రశ్నకి జవాబు చెప్పదు. చెప్తున్నట్టు మాత్రం కనిపిస్తుంది. దాంతో వచ్చే తంటా అంతా ఇక్కడే.

ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ మిషను మనందరికీ తెలిసిందే. 17 శాతం దాటితే పేచీ మొదలు. ఒక బస్తాలో గింజలు పెడితే 16 చూపిస్తుంది, పక్క బస్తాలోవి పెడితే 19. కళ్లంలో పైన ఎండిన గింజ వేరు, అడుగున ఉన్న గింజ వేరు. మిషను అబద్ధం ఆడటం లేదు. దాని నోట్లో వేసిన పిడికెడు గింజల సంగతి అది చెప్తోంది. రాశి మొత్తం సంగతి మనం పది చోట్ల చెయ్యి పెట్టి, గింజ పంటికింద వేసి చూసుకోవాలి. బ్యాండు కూడా అంతే. అది ఉండేది మణికట్టు దగ్గర. విరిగింది చీలమండ.

అడుగుల లెక్క ఎలా వస్తుందో తెలిస్తే సగం భ్రమ పోతుంది. బ్యాండు మన కాళ్లని చూడదండి. లోపల కుదుపుని పట్టే చిన్న ముక్క ఒకటి ఉంటుంది. నడిచేటప్పుడు చెయ్యి ముందుకీ వెనక్కీ ఊగుతుంది కదా, ఆ ఊపు ఒక వరసలో వస్తుంటే "వీడు నడుస్తున్నాడు" అని లెక్క కడుతుంది. అంతే దాని తెలివి.

ఏప్రిల్లో వాకరుతో నడిచే రోజుల్లో మా అమ్మాయి ఫోను. దాని ఫోన్లో కూడా నా అంకెలు కనిపిస్తాయి. "నాన్నా, నిన్న మూడొందలు అడుగులేనా? డాక్టరు గారు నడవమన్నారుగా!" అంది. నేనేమో పొద్దునా సాయంత్రం వరండాలో తిరిగి చెమటలు కక్కుతున్నా. మర్నాడు నోటితో లెక్కపెట్టుకుంటూ సరిగ్గా 200 అడుగులు వేశాను. బ్యాండు 58 అంది. వాకరు పట్టుకుంటే చేతులు ఊగవు, మరి దానికెలా తెలుస్తుంది? అదే బ్యాండు తీసి నిక్కరు జేబులో వేసుకుని మళ్లీ 200 వేశాను. ఈసారి 181 అంది. నెమ్మదిగా, కుంటుతూ వేసే అడుగు కూడా దానికి సరిగ్గా అందదు. మీరూ ఇలా ఒకసారి నోటితో లెక్కపెట్టి చూడండి. మీ బ్యాండు మీ నడకలో ఎంత మింగేస్తోందో తెలిసిపోతుంది. పిల్లలకి కూడా ఆ సంగతి చెప్పండి, లేకపోతే రోజూ ఫోన్లో క్లాసు పీకుతారు.

చేతికర్ర వాడేవాళ్లకి ఒక మాట. దెబ్బ తగిలిన కాలివైపే కర్ర పట్టుకుంటారు చాలామంది. కాదండి, బాగున్న వైపు చేత్తో పట్టుకోవాలి. నాది కుడికాలు కాబట్టి కర్ర ఎడమ చేతిలో. ఫిజియోథెరపీ ఆవిడ మొదటి రోజు చెప్పిన మొదటి మాట ఇదే.

ఇక తక్కువ లెక్కే కాదు, ఎక్కువ లెక్క కూడా ఉంది. టౌనుకి బండి మీద వెనక కూర్చుని వెళ్లొచ్చిన రోజు, మా రోడ్డు గోతుల పుణ్యమా అని కూర్చున్న చోటే ఏడెనిమిది వందల అడుగులు నడిచేశాను. సరదాకి మా అమ్మ చేతికి పెడితే కవ్వంతో పెరుగు చిలికి అడుగులు సంపాదించింది. అటు చూస్తే గట్టు మీద గొంతుక్కూర్చుని గంటసేపు కలుపు తీసినా దాని దృష్టిలో మనం ఖాళీగా కూర్చున్నట్టే.

రోజుకి పదివేల అడుగులు అనే మాట గురించి కూడా చెప్పాలి. బ్యాండు దాన్నే లక్ష్యంగా పెట్టి వస్తుంది, దాటకపోతే రాత్రి తొమ్మిదింటికి మణికట్టు మీద గిలిగింత పెడుతుంది. ఆ పదివేలు ఎక్కడినుంచి వచ్చిందనుకుంటున్నారు? 1964లో టోక్యోలో ఒలింపిక్స్ జరిగాయి. ఆ మర్నాటి ఏడు 1965లో జపాన్‌లో యమాసా అనే కంపెనీ అడుగులు లెక్కపెట్టే యంత్రం అమ్మకానికి పెట్టింది. దాని పేరు మాన్‌పో-కే. అంటే పదివేల అడుగుల మీటరు అని అర్థం. చెప్పుకోడానికి బాగుండే గుండు అంకె. విరిగిన చీలమండకి ఏ డాక్టరూ రాసిచ్చిన మోతాదు కాదది. నేనైతే సెట్టింగుల్లోకి వెళ్లి లక్ష్యాన్ని 2,500కి తగ్గించేశాను. ఆ గిలిగింత ఆగింది, ఇంట్లో గొడవ కూడా ఆగింది.

మరి అడుగుల అంకె పారెయ్యాలా? అక్కర్లేదు. ఒకే బ్యాండు, ఒకే చెయ్యి, ఒకే రకం నడక, అంటే ఊరి రోడ్డు మీద నడక, దాన్ని వారానికి వారం పోల్చుకుంటే అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. మే మొదటి వారం నాకు రోజుకి సగటున 2,100. తర్వాత వారాలు 2,400, 2,700, 3,000. జూన్ ఆఖరుకి 4,700. రోజు రోజుకీ చూస్తే ఎగుడుదిగుడుగా ఉంటుంది, వారం సగటు చూస్తే తెలుస్తుంది మనం ఎక్కుతున్నామా, దిగుతున్నామా అని. ఒక్కసారిగా ఎగబాకకుండా కళ్లేంలా కూడా అది పనిచేసింది. ఓపిక వచ్చింది కదా అని 2,400 నుంచి 5,000కి దూకితే ఓపిక తట్టుకుంటుంది, ఎముక చుట్టూ ఉన్న కీళ్లూ నరాలూ తట్టుకోవు. ఊపిరి తొందరగా బాగుపడుతుంది, కాలు ఆలస్యంగా బాగుపడుతుంది. ఈ రెండింటికీ మధ్య ఉండే ఎడం చాలా ప్రమాదం.

మన పనిలో ఇంకో చిక్కు ఉంది. పట్నంలో పార్కులో నడిచేవాడికి అడుగంటే అడుగే. మనకి అడుగు అడుగుకీ బరువు వేరు. యూరియా బస్తా 45 కిలోలు. అది భుజాన వేసుకుని గట్టు మీద వంద అడుగులు వేసినా బ్యాండుకి వందే, ఉత్తి చేతులతో వేసినా వందే. మందు కొట్టే డబ్బా 16 లీటర్లు. నీళ్లు నింపి వీపుకి తగిలించుకుంటే మన ఒంటి మీద దగ్గర దగ్గర ఇరవై కిలోలు కూర్చున్నట్టు. ఇవేమీ ఆ అంకెలో ఉండవు. బురద సంగతి అయితే చెప్పనే అక్కర్లేదు. దమ్ము చేసిన చేలో కాలు పిక్క దాకా దిగుతుంది. దాన్ని పైకి లాగేటప్పుడు చీలమండ మీద పడే లాగుడు రోడ్డు మీద వెయ్యి అడుగులు వేసినా పడదు.

ఇక్కడే గుండె అంకె కొంచెం సాయం చేస్తుంది. జూన్ ఆఖర్లో ఫిజియో ఆవిడతో మాట్లాడుకుని, అరగంట లోపు అని గడువు పెట్టుకుని చేలో దిగాను. తమ్ముడు పక్కనే ఉన్నాడు. 25 నిమిషాలు, బ్యాండు లెక్కలో 420 అడుగులు. గుండె 128 దాకా వెళ్లింది. అవే 420 అడుగులు రోడ్డు మీద వేస్తే 92 దాటదు. అడుగులు ఒకటే, గుండెకి తెలిసింది అది ఎంత కష్టమో. కాబట్టి చేలో పని చేసిన రోజు అడుగులు చూడకండి. ఎన్ని నిమిషాలు, గుండె ఎక్కడిదాకా వెళ్లింది, ఆగాక మామూలుకి రావడానికి ఎంతసేపు పట్టింది, ఇవి చూడండి. అయినా ఒక్క మాట గుర్తుంచుకోండి. గుండె ఒళ్లంతటి కష్టం చెప్తుంది. కుడి చీలమండ ఒక్కదాని కష్టం చెప్పదు.

గుండె అంకె ఎలా పడుతుందంటే, బ్యాండు అడుగున పచ్చ లైటు మిణుకు మిణుకుమంటుంది చూశారా, అదే. పచ్చ వెలుతురుని నెత్తురు పీల్చుకుంటుంది. గుండె కొట్టినప్పుడల్లా మణికట్టు నరాల్లోకి నెత్తురు ఎక్కువ వస్తుంది, వెనక్కి వచ్చే వెలుతురు తగ్గుతుంది. ఆ తగ్గడం పెరగడం లెక్కపెడుతుంది. బ్యాండు వదులుగా ఉన్నా, కింద బురదో చెమటో చేరినా, చెయ్యి తెగ ఊగుతున్నా లెక్క చెడుతుంది. ఒక్కోసారి మన అడుగుల వరసనే గుండె దెబ్బలు అనుకుని చూపిస్తుంది. పారతో గట్టు చెక్కేటప్పుడు 160 కనిపిస్తే హడలిపోకండి. పని ఆపి, తుడిచి, మణికట్టు ఎముకకి రెండు వేళ్లు పైన బిగించి, ఒక నిమిషం ఆగి చూడండి. అనుమానం తీరకపోతే మెడ పక్కన వేళ్లు పెట్టి గడియారం చూసి లెక్కపెట్టుకోండి. మా తాతల కాలం నాటి పద్ధతే, దానికి ఛార్జింగు అక్కర్లేదు.

నేను ఈ బ్యాండులో అన్నిటికన్నా ఎక్కువ నమ్మేది విశ్రాంతి గుండె వేగం. అంటే నిద్రలోనో, పొద్దున లేవగానే కదలకుండా ఉన్నప్పుడో నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో అది. పెద్దవాళ్లకి 60 నుంచి 100 మధ్య మామూలు అంటారు. బ్యాండు పెట్టుకున్న మొదటి వారం నాకు 84. జూన్ మొదట్లో 76. ఇప్పుడు 70. ఎందుకు తగ్గిందో చెప్తా. చేతిపంపు కొట్టినవాళ్లకి తెలుసు, దండె పూర్తిగా దించి కొడితే పది దెబ్బల్లో బిందె నిండుతుంది. సగం సగం కొడితే ఇరవై దెబ్బలు పడతాయి. ఆరు వారాలు మంచం మీద ఉంటే ఒంట్లో నెత్తురు కొంచెం తగ్గుతుంది, గుండె కండ కూడా బద్ధకిస్తుంది. ఒక్కో దెబ్బకి పంపే నెత్తురు తగ్గేసరికి దెబ్బలు పెంచుకుంటుంది. మళ్లీ నడక అలవాటు చేస్తే దండె పూర్తిగా దిగడం మొదలవుతుంది, దెబ్బలు తగ్గుతాయి. వారాల తరబడి ఈ అంకె నెమ్మదిగా కిందికి దిగుతుంటే మంచం నుంచి మనిషి నిజంగా లేస్తున్నట్టే.

అయితే ఒక్కరోజు అది ఆరేడు పెరిగిందంటే వెతుక్కోవాలి. జ్వరం తగిలిందా, నీళ్లు తక్కువ తాగామా, నిద్ర పట్టలేదా, రాత్రి మందు పడిందా, ముందు రోజు పని ఎక్కువైందా. మన ఉక్కపోతలో కరెంటు పోయి ఫ్యాను ఆగినా చాలు, మర్నాడు అంకె పైన ఉంటుంది. నేను అలాంటి రోజు పని మానెయ్యను, తగ్గిస్తాను. వరసగా మూడు నాలుగు రోజులు పైనే ఉంటే డాక్టరుకి ఫోను చేస్తాను.

బీపీ ఉన్నవాళ్లు జాగ్రత్తగా వినండి. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి మాత్రలు వేసుకుంటే గుండె వేగాన్ని ఆ మాత్రే పట్టి ఉంచుతుంది. ఎంత కష్టపడ్డా అంకె అంతగా పైకి వెళ్లదు. "నాకు 100 కూడా దాటలేదు, ఇంకాస్త చెయ్యొచ్చు" అనుకుంటే మోసపోతారు. బ్యాండు రంగు రంగుల గీతలు చూపిస్తుంది కదా, తేలిక, మధ్యస్థం, కష్టం అని. అవి చాలావాటిలో 220 నుంచి వయసు తీసేసి వేసిన లెక్కే. నాకు 52, అంటే 168. అది ఊరందరికీ కలిపి వేసిన ఉజ్జాయింపు. మనిషికీ మనిషికీ పది పన్నెండు తేడా మామూలే. పని చేస్తూ పక్కవాడితో మాట్లాడగలుగుతున్నామా లేదా అన్నదే నాకు దానికన్నా మంచి కొలత అనిపించింది. ఊడ్పుల్లో ఆడవాళ్లు పాట ఆపారంటే పని కష్టమైందని అర్థం, అంతే కదా.

ఇంకో సంగతి బ్యాండు పట్టుకోలేనిది, అందరూ తెలుసుకోవాల్సింది. కాలు విరిగి కదలకుండా ఉన్నవాళ్లకి పిక్కలో నెత్తురు గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. ఒక్క కాలు పిక్క మాత్రం వాచి, బిగుసుకుని, నొప్పిగా, వెచ్చగా ఉన్నా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఊపిరి పీలిస్తే ఛాతీలో పొడిచినట్టున్నా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లండి. బ్యాండులో అంతా పచ్చగా ఉందని ఇంట్లో కూర్చోవద్దు.

కేలరీలు, నిద్ర లెక్కలు తొందరగా చెప్పేస్తా. కేలరీల అంకె అసలు చూడకండి. 2017లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు ఏడు రకాల బ్యాండ్లు, వాచీలు పరీక్షించారు. గుండె వేగం ఏడింటిలో ఆరు బాగానే చూపించాయి, తేడా 5 శాతం లోపే. కేలరీల్లో మాత్రం అన్నిటికన్నా మంచిది కూడా సగటున 27 శాతం తప్పింది, అన్నిటికన్నా చెడ్డది 93 శాతం తప్పింది. అదీ ట్రెడ్‌మిల్లు మీదా, సైకిలు మీదా. మన బురదలో ఇంకెంతో. నిద్ర విషయంలో ఎప్పుడు పడుకున్నాం, ఎప్పుడు లేచాం అన్నది పనికొస్తుంది. గాఢనిద్ర ఇన్ని నిమిషాలు, కలల నిద్ర ఇన్ని నిమిషాలు అన్నది కదలికా గుండే చూసి వేసిన అంచనా.

ఇక అసలు చిక్కు తెచ్చేది పొద్దున్నే చూపించే ఆ మార్కు. వందకి ఇన్ని, "మీరు ఇవాళ పూర్తిగా సిద్ధం" అని. ఆ మార్కు నిద్రా, గుండె వేగం, గుండె దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడంలో వచ్చే తేడా, వీటినుంచి తయారవుతుంది. ఒంటి అలసట తెలుసుకోడానికి పర్లేదు. చీలమండలో ప్లేటుందని దానికి తెలియదు. కాలు మాట కాలునే అడగాలి.

మా నాన్న ఎద్దుల కాలం మనిషి. ఎద్దుకి కాలు బెణికితే అది మళ్లీ బాగా నడుస్తోందా అని నడక చూసి ఊరుకునేవాడు కాదు. ఒకరోజు తేలిక పని చేయించి, మర్నాడు పొద్దున పాకలోంచి ఎలా లేస్తుందో చూసేవాడు. లేచేటప్పుడు ఆ కాలు ఆనిందా లేదా, అదీ ఆయన లెక్క. ఫిజియో ఆవిడ నాకు పెట్టిన నియమం వింటే ఆయనే గుర్తొచ్చాడు. పని చేసేటప్పుడు నొప్పి పదికి మూడు దాటకూడదు. దాటకపోయినా, మర్నాడు పొద్దునకి కాలు మళ్లీ ముందు రోజు పొద్దున ఎలా ఉందో అలా ఉండాలి. లేకపోతే నిన్నటి పని ఎక్కువైనట్టే. ఇది నా కాలుకి ఆవిడ చెప్పింది, మీ దెబ్బకి మీ డాక్టరు వేరే చెప్పొచ్చు, అడగండి. షుగరు ఉన్నవాళ్లకి పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే నొప్పి లెక్క పనిచెయ్యదు. వాళ్లు రోజూ కళ్లతో చూసి, చేత్తో తడిమి, ఎరుపూ వేడీ వాపూ ఉన్నాయేమో చూసుకోవాలి.

ఆ పొద్దున లెక్క నేను ఇలా చేస్తున్నా. మంచం దిగేముందే చీలమండ చుట్టూ ఒక నూలు దారం వేస్తా. మడమ పక్కగా, పాదం కిందుగా, ఎనిమిది అంకె ఆకారంలో, రోజూ ఒకే దారిలో. బాగా తగ్గి ఉన్న రోజున ఎక్కడికి వచ్చిందో అక్కడ సిరాతో గుర్తు పెట్టుకున్నా. వాపు కంటికి తెలియకముందే దారానికి తెలుస్తుంది. తర్వాత మొదటి పది అడుగులు, నొప్పి ఎంత? తర్వాత గోడకి రెండు వేళ్లు ఆనించి కుడికాలు ఒక్కదాని మీద మడమ ఎత్తుతా, ఎన్నిసార్లు ఎత్తగలిగితే అన్ని. మే నెలాఖరులో ఒక్కసారి కూడా రాలేదు. ఇప్పుడు పదకొండు. ఎడమకాలు పాతిక ఎత్తుతుంది.

వారానికోసారి ఇంకో రెండు. పిక్క చుట్టుకొలత, టైలరు టేపుతో. కట్టు విప్పిన రోజు ఎడమ పిక్క 36 సెంటీమీటర్లు, కుడిది 32న్నర. ఇప్పుడు కుడిది 34న్నర. రెండోది గోడ పరీక్ష. పాదం నేలకి పూర్తిగా ఆనించి, మడమ లేవకుండా మోకాలు ముందుకి వంచి గోడకి తాకించాలి. బొటనవేలికీ గోడకీ ఎంత దూరం వరకూ తాకుతుందో అది కొలత. ఎడమకాలు 10 సెంటీమీటర్లు, కుడిది జూన్ మొదట్లో 3, ఇప్పుడు 7. ఇది చిన్న విషయం కాదండీ మనకి. గొంతుక్కూర్చోవాలన్నా, గట్టు ఏటవాలు ఎక్కాలన్నా, బురదలోంచి పాదం ఒడుపుగా తియ్యాలన్నా చీలమండ ఆ వంపు వంగాలి. పదివేల అడుగులు వేసినవాడికి కూడా ఇది రాకపోతే చేలో పడతాడు.

ఇవన్నీ పాల లెక్క రాసే క్యాలెండరు మీదే, ఆ తారీఖు గడిలోనే రాస్తున్నా. దారం గుర్తుకి లోపలో బయటో, నొప్పి ఎంతో, మడమ ఎన్నిసార్లో. బ్యాండు నుంచి విశ్రాంతి గుండె వేగం ఒక్కటి. నిన్న ఏం పని ఎంతసేపు అన్నది ఒక ముక్క. ఐదు నిమిషాల పని. ఈ గళ్లు రెండు వారాలు నిండాక నాకు తెలిసింది ఏంటంటే, నా కాలుకి దూరంతో పేచీ లేదు, బురదతో పేచీ. రోడ్డు మీద గంట నడిచినా మర్నాడు దారం కదల్లేదు. బురదలో నలభై నిమిషాలు దాటితే కదులుతోంది. ఈ మాట ఏ యాపూ చెప్పలేదు.

దీని విలువ ఊడ్పుల రోజున తెలిసింది. జులై మొదటి వారం. కౌలు చేను దమ్ము అయిపోయింది, ఆకు తీసి కట్టలు గట్టు మీద ఉన్నాయి, ముఠా పొద్దున ఆరింటికి వస్తామన్నారు. ముందు రోజు అనుకున్నట్టే నలభై నిమిషాలు చేలో ఉన్నా. పొద్దున బ్యాండు చూస్తే 86 మార్కులు, పచ్చ రంగు. విశ్రాంతి గుండె 71. దారం వేస్తే గుర్తుకి అర అంగుళం బయటికి వచ్చింది. మొదటి అడుగుల్లో నొప్పి నాలుగు, అంతకుముందు రోజు రెండు. మడమ ఎనిమిదిసార్లు ఎత్తేవాణ్ని, మూడింటికే ఆగిపోయింది.

మా ఆవిడ బ్యాండు చూసి "బానే ఉందిగా" అంది. కట్టలు చేలో విసిరే మనిషి లేకపోతే ముఠా చేతులు ఆగుతాయి. ఆ రోజు ఒక మగ కూలీని అదనంగా పెట్టాను, దొరకడమే కష్టం, అడిగినంత ఇచ్చాను. నేను గట్టు మీద కుర్చీ వేసుకుని కాలు ఇంకో కుర్చీ మీద పెట్టుకుని కూర్చున్నా. అటుగా వెళ్లినవాళ్లు "జమీందారు గారండీ" అని నవ్వారు. నవ్వనివ్వండి. ఒక కూలీ డబ్బులు పోయాయి. రెండో పొద్దునకి దారం గుర్తు దగ్గరికి వచ్చేసింది. మూడో రోజు రెండో మడిలో 25 నిమిషాలు దిగాను, మర్నాడు దారం కదల్లేదు. ఇంకో వారానికి ముప్పై ఐదుకి వెళ్లాను.

దానికి తిరకాసు కూడా ఒకటి జరిగింది. మొన్న ఒక రాత్రి ఉరుములు, కరెంటు లేదు, దోమలు, గంట కూడా సరిగ్గా పడుకోలేదు. బ్యాండు 41 మార్కులు వేసి "ఇవాళ విశ్రాంతి తీసుకోండి" అంది. దారం గుర్తు మీదే ఉంది, మడమ పది ఎత్తాను. ఎండ ఎక్కకముందే వెళ్లి బోదెలో తుక్కు తీసి నీళ్లు పెట్టుకుని వచ్చేశాను. మధ్యాహ్నం పడుకున్నా.

పిల్లలు పంపిన బ్యాండు కాబట్టి పెట్టుకోండి, తీసెయ్యమని నేను చెప్పను. మా అమ్మాయికి అంత దూరంలో ఉండి నా గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది, దానికి అదొక ధైర్యం. నాకు విశ్రాంతి గుండె వేగమూ, వారం సగటూ కావాలి. మిగతావన్నీ యాపులో మొదటి పేజీ నుంచి తీసి దాచేయించాను, కనిపించకపోతే బుర్ర తినవు.

రేపు పొద్దున కౌలు చేలో పై ఎరువు. యూరియా బస్తా తమ్ముడు గట్టు దాకా మోస్తాడు. నేను బేసిన్లో ఎనిమిదేసి కిలోలు తీసుకుని చల్లుతా, ముప్పై ఐదు నిమిషాలు చూసుకుని గట్టెక్కేస్తా, మిగిలింది వాడు చల్లుతాడు. ఎల్లుండి పొద్దున దారం ఎక్కడికి వచ్చిందో ఇక్కడే రాస్తాను.